రాళ్ళేరుకోవడం పనిలేని పని కాదు

సెలవులు అయిపోయి హాస్టల్‌కు తిరిగి వచ్చిన తమ్ముళ్ళను "సెలవుల్లో ఏం చేశారు?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే. "ఏం లేదన్నా, ఊరికే తిరిగినం." ఈ "ఊరికే" అనే మాట మీద నాకు అభ్యంతరం ఉంది. మన వార్షికోత్సవ సంచికలో నాకిచ్చిన ఈ నాలుగు పేజీల్లో ఆ అభ్యంతరమే రాస్తాను.

మనలో చాలామందిది అడవి అంచు ఊరు. జూలూరుపాడు, ములకలపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట వైపు నుంచి కొందరం వచ్చాం. బూర్గంపాడు, అశ్వాపురం, మణుగూరు, పినపాక వైపు నుంచి కొందరు వచ్చారు. గోదావరి అవతల దుమ్ముగూడెం, చర్ల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మన "ఊరికే తిరగడం"లో ఏమేం ఉంటాయో ఒక్కసారి లెక్క వేసుకోండి. వాగుకు అడ్డంగా మావు పెట్టి చేపలు పట్టడం. మొర్రిపండ్లు, తునికిపండ్లు ఏ చెట్టుకు ముందు పండుతాయో గుర్తుపెట్టుకోవడం. తొలకరి పడ్డ సాయంత్రం దీపం పెట్టి ఉసిళ్ళు పట్టడం. లేచిన పుట్టగొడుగుల్లో తినేదేదో, తినకూడనిదేదో వేరు చేయడం. తేనెటీగ నీళ్ళు తాగి ఎటు లేచిపోయిందో చూసి పట్టు ఉన్న చెట్టును పసిగట్టడం. ఇసుకలో అడుగు చూసి పోయింది పందో దుప్పో చెప్పడం. ఇవన్నీ తెలిసినవాడు, ఏమీ చేయలేదని ఎలా అంటాడు?

ఈ వరుసలో ఇంకొక ఆట ఉంది. దాని గురించే నేను ముఖ్యంగా రాయదలచుకున్నాను. అదే రాళ్ళేరుకోవడం.

వాన పడి ఎండ కాసిన తర్వాత చెలకలో నడిస్తే మట్టి కొట్టుకుపోయి చిన్నచిన్న రాళ్ళు పైకి తేలతాయి. వాటిలో కొన్ని గాజుపెంకులా సన్నగా, అంచు పదునుగా ఉంటాయి. తెల్లటి పలుగురాయి, ఎర్రటి, గోధుమరంగు చెకుముకి రాయి, లోపల చారలున్న నున్నటి రాయి కనబడతాయి. పశువులు కాసే పిల్లలు వీటిని ఏరి అగ్గిపెట్టెలో దాచుకుంటారు. రెండు రాళ్ళు కొట్టి నిప్పురవ్వలు రాలుస్తారు. బాణం ములికిలా కొసదేలిన రాయి దొరికితే ఆ రోజు వాడే మొనగాడు. పెద్దవాళ్ళు చూస్తే "పనిలేకపోతే సరి, రాళ్ళేరుకుంటున్నవా" అంటారు. తెలుగులో రాళ్ళేరుకోవడం అంటే పనికిమాలిన పని చేయడం అన్నట్టే అయిపోయింది.

అయితే ఆ రాళ్ళలో కొన్ని నిజంగానే మనిషి చేసినవి కావచ్చు. ఇనుము, రాగి తెలియని కాలంలో మనిషి రాయిని కొట్టి, పెచ్చు లేపి, ఆ పెచ్చుతో కోసుకున్నాడు, గీసుకున్నాడు, వేటాడాడు. పురావస్తు శాస్త్రంలో సూక్ష్మ శిలా పరికరాలు అని పిలిచేవి చాలావరకు మన చిటికెనవేలు కంటే చిన్నవి. వాటిని ఒంటరిగా వాడేవారు కాదు. కర్రకో ఎముకకో గాడి తీసి, చెట్టు జిగురుతో వరుసగా అతికించి బాణంగా, కొడవలిగా, కత్తిగా వాడేవారు. కాబట్టి కొసదేలిన ప్రతి రాయీ బాణపు మొన కాదు. అలాగే కొస లేని రాయి పనికిరానిదీ కాదు.

దానంతటదే పగిలిన రాయికీ, మనిషి కొట్టిన రాయికీ తేడా తెలుసుకోవడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మనిషి గట్టిగా ఒక్క దెబ్బ కొట్టి లేపిన పెచ్చుకు, దెబ్బ తగిలిన చోట కింద చిన్న ఉబ్బు ఉంటుంది. దాని చుట్టూ చెరువులో రాయి వేస్తే లేచే అలల మాదిరి గీతలుంటాయి. అంచు వెంట చిన్నచిన్న పెచ్చులు వరుసగా, ఒకే వైపు లేపి ఉంటే పదును పెట్టారని అనుమానించవచ్చు. ఒక్క రాయిని చూసి తేల్చలేం. అలాంటివి ఒకే చోట పది ఇరవై కనబడితే, పెచ్చులు లేపిన మూలరాయి కూడా అక్కడే ఉంటే, అక్కడ ఎవరో కూర్చుని పని చేశారన్నమాట. ఎండలో పొద్దంతా నేల చూస్తూ నడిచిన పశువుల కాపరి కంటికి ఈ తేడా మనకంటే ముందే దొరుకుతుంది. కాకపోతే దానికి ఏం పేరు పెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో ఈ చదువు మొదలైంది కూడా నేల చూస్తూ నడవడంతోనే. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లవరంలో, కంకర తవ్విన గోతిలో, రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు ఒక రాతి పనిముట్టు దొరికింది. భారతదేశంలో పాత రాతియుగపు మనిషి ఉన్నాడని అప్పుడు తెలిసింది. అదే ఏడాది సెప్టెంబరులో ఫూట్, ఆయన తోటి ఉద్యోగి విలియం కింగ్ కలిసి అత్తిరంపాక్కం అనే చోట మరిన్ని పనిముట్లు చూశారు. ఆ అత్తిరంపాక్కం పనిముట్లలో అతి పాతవి సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన గోదావరి కథ కూడా ఇలాంటిదే. నదికి ఎగువన, మహారాష్ట్రలో పైఠాన్ దగ్గర ముంగి వద్ద 1865లో వైన్ అనే మరో భూగర్భ శాస్త్రవేత్తకు నది కంకరలో అగేటు రాతి పెచ్చు ఒకటి దొరికింది. వాళ్ళెవరూ ఆ రాళ్ళ కోసం ఉద్యోగంలో చేరినవాళ్ళు కాదు. చేస్తున్నది వేరే పని. నడుస్తూ కింద చూశారు, అంతే.

విలియం కింగ్ పేరు గుర్తుపెట్టుకోండి. ఆయనకు మన జిల్లాతో సంబంధం ఉంది. 1870ల మొదట్లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టింది ఆయనే. సింగరేణిలో ఇప్పటికీ ఒక బొగ్గు పొరను కింగ్ సీమ్ అనే అంటారు. మన ఇళ్ళల్లో ఎంతమందికి ఆ బొగ్గు అన్నం పెట్టిందో నేను చెప్పనక్కరలేదు. బొగ్గు వెతకడానికి వచ్చిన ఆ మనిషే గోదావరి ఒడ్డున మంగపేట దగ్గర అడవిలో ఆగి, అక్కడున్న పాత సమాధులను, శిలువ ఆకారంలో నిలబెట్టిన రాళ్ళను చూసి 1877లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అడవిలో ఆయనకు దారి చూపినవాళ్ళు, సామాను మోసినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు ఆ రాళ్ళను చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళే అయి ఉంటారు. కానీ ఇవాళ మనకు మిగిలింది కింగ్ పేరు. ఎందుకంటే రాసింది ఆయన.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది. చూసినవాళ్ళు వేరు, రాసినవాళ్ళు వేరు. మన అడవి అంచు చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య జారిపోయింది. హాస్టల్లో చదివే మనం ఆ రెండూ చేయగలిగిన మొదటి తరం.

జానంపేట సంగతి చూడండి. పినపాక మండలంలోని ఈ ఊరి దగ్గర పెద్దపెద్ద రాతి పలకలతో కట్టిన గూళ్ళున్నాయి. లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్లు ఉంటాయి. చనిపోయినవారి ఎముకలను వాటిలో పెట్టేవారు. పక్కన శిలువలా కనబడే నిలువురాళ్ళున్నాయి. పాతకాలపు ఇంగ్లీషువాళ్ళు కొందరు వాటిని క్రైస్తవ శిలువలనుకున్నారు. అవి మనిషి రూపాలని తర్వాతి పరిశోధకులు చెప్పారు. ఇనుము వాడకం తెలిసిన కాలంలో, దక్షిణ భారతంలో సుమారు క్రీస్తుపూర్వం 1000 ప్రాంతం నుంచి, ఇలాంటి పెద్దరాతి సమాధులు కట్టారు. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని దామరవాయి గుట్ట మీద ఇవి వందల్లో ఉన్నాయి. జానంపేటవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. మన ఊళ్ళల్లో వీటిని రాకాసి గూళ్ళు అంటారు. ఇంత పెద్ద రాళ్ళను మామూలు మనుషులు లేపలేరు కాబట్టి రాక్షసులే లేపి ఉంటారని నమ్మకం.

ఇప్పుడు మన గ్రూప్స్ కోచింగ్ గైడ్లు తెరవండి. తెలంగాణ చరిత్ర మొదటి అధ్యాయంలోనే బృహత్ శిలాయుగం, డోల్మెన్, సిస్టు, కెయిర్న్ అనే మాటలుంటాయి. మన తమ్ముళ్ళు వాటిని రాత్రి స్టడీ అవర్‌లో గట్టిగా చదివి బట్టీ పడతారు. "డోల్మెన్ అనగా నిలువు పలకలపై కప్పుబండ గల సమాధి." అదే తమ్ముడు చిన్నప్పుడు ఆ కప్పుబండ మీద కూర్చుని జామకాయ తిన్నవాడు అయి ఉండొచ్చు. గైడులో ఉన్నదీ, తాను కూర్చున్నదీ ఒకటేనని అతనికి ఎవరూ చెప్పలేదు. గైడులోది చదువు, ఊళ్ళోది రాయి అని మనకు నేర్పారు. నేను ఎం.ఏ.లో చరిత్ర తీసుకున్నప్పుడు మా తరగతిలో పట్నం పిల్లలకు ఆ బొమ్మలు కొత్త. నాకు ఆ పేర్లు మాత్రమే కొత్త.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అడవి తిరుగుడును నేను గొప్ప చేసి చెబుతున్నానని మీరు అనుకోవద్దు. మా నాన్న పదేళ్ళ వయసు నుంచి ఆసామి ఇంట్లో జీతం ఉండి పశువులు కాశాడు. అది ఆటవిడుపు కాదు. బడికి పోవలసిన వయసు దానికే పోయింది. నేను డిగ్రీలో చేరిన రోజు ఆయన అన్న మాట, "నువ్వు అడవి మొకం చూడకపోతే సాలు బిడ్డా." ఆ మాట వెనుక ఉన్న బాధ మన హాస్టల్లో ప్రతి ఒక్కరికీ అర్థమవుతుంది. పట్నంలో ఉన్నవాళ్ళు డబ్బు కట్టి ట్రెక్కింగ్ పోతారు, దూరదర్శిని మెడలో వేసుకుని పక్షులను చూస్తారు. వాళ్ళకది సరదా. మన ఇళ్ళల్లో అది కూలి, జీతం, ఎండ, పాము.

అయినా ఒక సంగతి ఆలోచించండి. పశువులు ఆసామివి. పొద్దంతా చేసిన చాకిరీ ఆసామికి పోయింది. ఏ వాగు ఎప్పుడు ఎండుతుంది, ఏ గట్టున పాత కుండ పెంకులు తేలతాయి, ఏ బండ మీద ఎవరు చేశారో తెలియని గుంతలున్నాయి అనే ఎరుక మాత్రం ఆసామికి పోలేదు. అది మా నాన్న దగ్గరే ఉండిపోయింది. ఆయనను చాకిరీ నుంచి తప్పించడం మన చదువు బాధ్యత. ఆయన ఎరుకను కూడా చాకిరీతో పాటు పారేయమని చదువు మనకు చెప్పలేదు. ఆ రెండింటినీ ఒకే మూటగా కట్టి విసిరేస్తే పోయేది మన ఆస్తే.

బయటివాళ్ళు ఈ ఆస్తి విలువ ముందే గుర్తించారు. ఆస్ట్రియాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో పాపికొండల ప్రాంతంలో కొండరెడ్ల మధ్య తిరిగి, వాళ్ళు ఏం తింటారో, ఎలా వేటాడతారో, పోడు ఎలా కొడతారో రాసుకుని 1945లో "ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్" అనే పుస్తకం వేశాడు. కొండరెడ్లు రోజూ చేసుకునే పనులే ఆ పుస్తకం నిండా ఉన్నాయి. ఆ పుస్తకాన్ని ఇవాళ మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన అని చదువుతున్నారు.

ఇక రెండో సంగతికి వస్తాను. రాళ్ళేరుకోవడం మంచిదే అంటున్నాను కదా అని దొరికిన ప్రతిదీ జేబులో వేసుకుని ట్రంకుపెట్టెలో దాచమని కాదు. దానికి నేను పూర్తి వ్యతిరేకిని. మార్కుల మెమో మీద పేరు, హాల్‌టికెట్ నంబరు చింపేస్తే ఏం మిగులుతుంది? అంకెలు మిగులుతాయి. ఎవరివో, ఏ పరీక్షవో తెలియదు. చోటు తెలియని రాయి కూడా అంతే. అది ఏ చెలకలో, ఎంత లోతున, ఏ పెంకుల పక్కన ఉందో తెలిస్తేనే అది చరిత్ర. జేబులోకి వెళ్ళిన మరుక్షణం అది ఒక అందమైన రాయి మాత్రమే.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. అమెరికాలో పల్లెటూరి పిల్లలకు బాణపు మొనలు ఏరడం తరతరాల అలవాటు. జార్జియా రాష్ట్రంలో వేరుశనగ పండించే రైతు కొడుకు జిమ్మీ కార్టర్ చిన్నప్పటి నుంచి దున్నిన పొలాల్లో బాణపు మొనలు వెతికినవాడే. ఆయన దేశాధ్యక్షుడయ్యాక 1979లో పురావస్తు సంపద రక్షణ చట్టం మీద సంతకం చేశాడు. ప్రభుత్వ భూముల్లో పాత వస్తువులు తవ్వుకుపోవడం ఆ చట్టం ప్రకారం నేరం. కానీ నేల మీద పైకి తేలిన బాణపు మొనను ఏరుకున్నందుకు ఆ చట్టం కింద శిక్ష వేయకుండా మినహాయింపు ఇచ్చారు. పిల్లలను దొంగలుగా చూడకూడదనే ఉద్దేశం కావచ్చు. ఇంగ్లండులో 1997లో మొదలైన పథకం ఇంకో దారి పట్టింది. పొలంలో ఏదైనా దొరికినవాడు దాన్ని తెచ్చి చూపిస్తే, నిపుణుడు ఫోటో తీసి, చోటు రాసుకుని, సాధారణంగా వస్తువును తిరిగి అతనికే ఇస్తాడు. అలా పది లక్షలకు పైగా వస్తువుల వివరాలు జమయ్యాయి. వాటిలో ఎక్కువ చదువుకున్న నిపుణులకు దొరికినవి కావు, పొలాల్లో తిరిగే మామూలు మనుషులకు దొరికినవి.

మన దగ్గర 1878 నాటి నిధుల చట్టం ఉంది. భూమిలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని అది చెబుతుంది. తెలంగాణకు 2017లో ప్రత్యేకంగా వారసత్వ చట్టం వచ్చింది. చట్టాలున్నాయి. కానీ ఒక గొర్రెల కాపరి వెళ్ళి "సార్, మా చెలకలో ఇట్లాంటి రాయి ఉంది" అని ఎవరికి చెప్పాలి? చెబితే తనను గుప్తనిధుల దొంగ అనుకుంటారేమోనని అతని భయం. ఆ భయం వల్ల నిజమైన దొంగలకే మేలు జరుగుతోంది. రాత్రిపూట గడ్డపారలతో వచ్చి, బంగారం ఉందనుకుని రాకాసి గూళ్ళను పగలగొట్టేవాళ్ళకు ఆ చోట్లు తెలుసు. కాపాడవలసిన కార్యాలయాలకు తెలియదు. ఆ గూళ్ళల్లో ఉండేవి ఎముకలు, కుండలు, తుప్పుపట్టిన ఇనుప పనిముట్లు. ఈ ఒక్క ముక్క ఊరందరికీ నమ్మకంగా చెప్పగలిగినా కొన్ని గూళ్ళు మిగులుతాయి. మనం చెబితే మన ఊరివాళ్ళు నమ్ముతారు.

మూడో సంగతి వేట. బాణపు మొన గురించి మాట్లాడి బాణం గురించి మాట్లాడకపోతే తప్పించుకున్నట్టవుతుంది. మన పక్క గూడేల్లో కోయ మిత్రులు విత్తనాలు వేసే ముందు భూమి పండుగ చేస్తారు. మగవాళ్ళు విల్లంబులు పట్టి అడవికి పోతారు. ఆడవాళ్ళు దారుల్లో నిలబడి పాటలు పాడి, వచ్చే పోయేవాళ్ళను డబ్బులడుగుతారు. భద్రాచలం దగ్గర పర్ణశాలలో బంగారు లేడి కథ చెప్పని ఇల్లు లేదు. వేట ఈ నేల జ్ఞాపకంలో ఉంది. దాన్ని అనాగరికం అని ఈసడించే హక్కు ఎవరికీ లేదు, ముఖ్యంగా నాలుగు పుస్తకాలు చదివిన మనకు అసలే లేదు.

కానీ ఇవాళ అడవి ఆనాటి అడవి కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటను నిషేధించింది. కిన్నెరసాని, పాపికొండల అభయారణ్యాలు 1970ల చివరలో ఏర్పడ్డాయి. 2006 అటవీ హక్కుల చట్టం అడవి బిడ్డలకు ఎన్నో హక్కులు ఇచ్చింది. తునికాకు, వెదురు, తేనె వంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. అడవి గురించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు ఇచ్చింది. ఆదివాసీలు కానివాళ్ళకు కూడా, 75 ఏళ్ళుగా అక్కడే బతుకుతూ అడవి మీద ఆధారపడినట్టు చూపితే, అవకాశం ఉంచింది. వేటాడే సంప్రదాయ హక్కును మాత్రం ఆ చట్టమే స్పష్టంగా మినహాయించింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవండి. చంపడం హక్కు కాదు, తెలిసి ఉండడం హక్కు. నాకు ఈ గీత సరైనదిగానే కనిపిస్తుంది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సెలవుల్లో ఉండేలు పట్టి పిట్టలను కొట్టడం, కుందేళ్ళకు ఉచ్చులు పెట్టడం మానేద్దాం. మనకది ఆకలి తీర్చే పని కాదు. హాస్టల్లో చదువుకునేవాడికి పిట్ట మాంసం అవసరం లేదు. అది కేవలం గురి చూపించుకునే సరదా. కరెంటు తీగలు పెట్టి అడవి పందులను చంపాలనుకుని మనుషులు చనిపోయిన ఊళ్ళు మీకూ తెలుసు. వేటలోని మెలకువ మాత్రం వదలొద్దు. అడుగు చూసి జంతువును చెప్పడం, గాలి ఎటు వీస్తుందో గమనించడం, గంటసేపు కదలకుండా కూర్చోవడం, ఇవి వదులుకోవలసినవి కావు. కొట్టకుండా చూడగలిగితే ఆ మెలకువ రెట్టింపవుతుంది తప్ప తగ్గదు.

దీనికి "ఇవన్నీ చేస్తే ఉద్యోగం వస్తుందా?" అని అడిగేవాళ్ళుంటారు. ప్రశ్న న్యాయమైనదే. మనకు ఉద్యోగం కావాలి. ఇంట్లో మనమీద ఆశ పెట్టుకున్నవాళ్ళున్నారు. రాళ్ళు చూస్తే ఉద్యోగం వస్తుందని నేను అబద్ధం చెప్పను. కానీ ఇంటర్వ్యూలో "మీ ఊరి ప్రత్యేకత ఏమిటి?" అని అడిగితే తల దించుకునే పరిస్థితి మనకెందుకు రావాలి? జిల్లా చరిత్ర అంటే భద్రాచలం గుడి, ఖమ్మం ఖిల్లా, నేలకొండపల్లి స్తూపం అని మూడు ముక్కలు చెప్పి ఆగిపోతాం. అవి గొప్పవే. కానీ వాటికి ముందు వేల ఏళ్ళపాటు ఈ నేల మీద మనుషులు బతికారు. రాజు పేరు, దేవుడి పేరు లేని మనుషులు. రాళ్ళు కొట్టి, చేపలు పట్టి, పశువులు కాచి బతికినవాళ్ళు. వాళ్ళ పనులు చూస్తే మన తాతల పనులు గుర్తొస్తాయి. వాళ్ళ చరిత్ర రాయడానికి మనకంటే దగ్గరివాళ్ళు ఎవరున్నారు?

ఇందులో తొందర కూడా ఉంది. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో పాత ఖమ్మం జిల్లాలోని కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగాను, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొంత భాగమూ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడ మునిగే ఊళ్ళవాళ్ళు పునరావాస కాలనీలకు వెళ్తున్నారు. ఇళ్ళకు, పొలాలకు లెక్క కట్టారు. ఏ గట్టు మీద ఏముందో తెలిసిన ముసలివాళ్ళ ఎరుకకు లెక్క కట్టే పద్ధతి లేదు. నీళ్ళు వచ్చాక ఆ గట్టుకు పోయి చూపించడం ఎవరి తరమూ కాదు. గోదావరి కూడా ఊరుకోదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు దాటని ఆ రికార్డు తర్వాత అంత వరద అదే. ప్రతి పెద్ద వరదకూ ఒడ్డు కోసుకుపోతుంది. పాత పొరలు బయటపడతాయి, మళ్ళీ కొట్టుకుపోతాయి. ఆ మధ్య ఉన్న కొద్ది నెలల్లో అటు నడిచేది ఒడ్డు ఊరి పిల్లలే.

కాబట్టి మన హాస్టల్ తమ్ముళ్ళకు నా సూచనలు ఇవి.

మొదటిది, హాస్టల్‌కు ఒక రిజిస్టర్ పెడదాం. సెలవులకు వెళ్ళివచ్చిన ప్రతివాడూ తన ఊళ్ళో చూసిన పాత రాయి, పెంకు, గూడు, బండమీద బొమ్మ, ఏదైనా సరే, అందులో ఒక పేజీ రాయాలి. ఊరు, మండలం, ఎవరి చెలక, ఏ నెలలో చూశాడు, మొదట చూపించింది ఎవరు. చూపించినవారి పేరు తప్పకుండా ఉండాలి, వారు ఒప్పుకుంటే. కింగ్ కాలంలో జరిగినట్టు మళ్ళీ జరగకూడదు.

రెండోది, వస్తువును ఉన్నచోటే ఉంచి ఫోటో తీయండి. పక్కన రూపాయి బిళ్ళో అగ్గిపెట్టో పెడితే కొలత తెలుస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసుకుంటే చోటు కూడా నమోదవుతుంది. ఫోన్ లేనివాడు బొమ్మ గీసి, బడి నుంచో బావి నుంచో ఎన్ని అడుగుల దూరమో రాసినా చాలు.

మూడోది, తవ్వవద్దు. గడ్డపార ముట్టుకోవద్దు. తవ్వడం అనేది అనుమతితో, పద్ధతిగా నిపుణులు చేసేది. పద్ధతి లేకుండా ఒక్కసారి తవ్వితే ఆ పేజీ చిరిగినట్టే, మళ్ళీ అతకదు. చోటు వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. దొంగలు కూడా ఆ గ్రూపుల్లో ఉంటారు.

నాలుగోది, రిజిస్టర్‌లో ఇరవై పేజీలు నిండాక వార్డెన్ గారి ద్వారా తహసీల్దారు గారికి, రాష్ట్ర వారసత్వ శాఖకు ఒక నకలు పంపుదాం. ఒంటరిగా ఒక కాపరి చెబితే భయం. హాస్టల్ ముద్రతో యాభైమంది విద్యార్థులు చెబితే అది వినతిపత్రం.

అయిదోది, ముంపు మండలాల నుంచి వచ్చిన మిత్రుల పేజీలు ముందు రాద్దాం. వాళ్ళకు సమయం తక్కువ.

ఈ పనికి డబ్బు అక్కరలేదు, ఎవరి సిఫారసూ అక్కరలేదు. ఒక రిజిస్టర్, ఒక పెన్ను, కాస్త ఓపిక చాలు. వచ్చే ఏడాది ఈ సంచికలో ఆ పేజీల్లో నుంచి నాలుగైదు అచ్చు వేయాలని సంపాదక మిత్రులను కోరుతున్నాను. ఆ పేజీల కింద రాసిన తమ్ముడి పేరు, చూపించిన తాత పేరు పక్కపక్కన ఉండాలి.